అచ్చాయమ్మక్క తప్పిన తిథి

ఆ లెక్క కట్టింది నేనే. ఇంటర్నెట్ షాపు పెట్టుకున్నాను కదా, నాకు తెలియనిది లేదనుకున్న వెధవని.

మా ఆత్రేయపురంలో అచ్చాయమ్మక్క తీసినంత పల్చటి పూతరేకు ఇంకెవరికీ రాదు. భర్త అంజిబాబు సౌదీలో ఒంటెలు కాసేవాడు. పదకొండేళ్ళ కిందట ఓ సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే, "కుండ మీద రేకుందండీ, మాడిపోద్ది. రేపు చెయ్యండి" అని పెట్టేసింది. మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నెల దాటాక యజమాని చేతిరాతతో ఉత్తరం వచ్చింది. గుండెపోటుతో పోయాడు, ఇక్కడే పూడ్చాం అని. అరబ్బు తేదీ వేసి, పొద్దుగుంకిన నమాజు తర్వాత అని రాశాడు. అరబ్బీ వచ్చినాయన చదివి చెబితే, ఆ తేదీని కంప్యూటర్లో ఇంగ్లీషు తేదీకి మార్చి, పంచాంగం చూశాను. అది ఆయన ఫోన్ చేసిన మర్నాడు.

"వైశాఖ శుద్ధ దశమి అక్కా" అన్నాను దర్జాగా.

అంత ఏడుపులోనూ ఆవిడకి ఒక్కటే ఊరట. "మర్నాడంతా బతికే ఉన్నారుగా తమ్ముడూ. పని తెమలక చెయ్యలేదంతే" అనేది. ఏటా దశమినాడు ఉపవాసముండి, కొడుకు చేత తద్దినం పెట్టించేది. తిథి తప్పితే ఆయనకి అందదని, జ్వరంలోనూ మానలేదు.

మొన్న అక్క పింఛను కాగితాలతో పాటు, నేను పక్కన ఇంగ్లీషు తేదీ వేసిన ఆ ఉత్తరమూ జిరాక్సు తీస్తున్నాను. సౌదీలో ఇరవయ్యేళ్ళు చేసొచ్చిన స్టీఫెన్ గారు చూసేరు.

"తప్పండీ ఇది. మనకి పొద్దు పొడిస్తే రోజు. ఇంగ్లీషోళ్ళకి అర్ధరాత్రి దాటితే రోజు. అక్కడి పాతకాలపోళ్ళకి పొద్దు గుంకగానే తేదీ మారిపోద్దండీ. ఈయన పోయింది ముందురోజు సాయంత్రం."

ముందురోజంటే ఫోన్ చేసిన రోజే.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ వారంలో దశమి. పదేళ్ళుగా నా మాట నమ్మి తప్పుడు తిథికి పెడుతున్న మనిషిని మళ్ళీ మోసం చెయ్యమంటారా? వెళ్ళి చెప్పాను.

అక్క కుండ ముందు కూర్చునుంది. అప్పుడే పిండిలో ముంచిన గుడ్డ కాలే కుండ మీద పరిచి తీసింది.

"అయితే నవమా?"

"ఆయ్."

కుండ మీద రేకు నల్లబడింది. ఆవిడ తియ్యలేదు.

"రేపు చెయ్యండన్నాను తమ్ముడూ" అంది చివరికి. "ఆయనకి ఆ సాయంత్రమే రేపొచ్చేసింది."