మేతకెళ్ళే బాతులు

మా పక్కింటి వదిన ఇస్త్రీ బల్ల ముందుగదిలో ఉంటుంది, వాళ్ళ అత్తగారి మంచం వెనకగదిలో. మధ్య గుమ్మానికి తలుపు లేదు. ఎంత మెల్లగా పిలిచినా కోడలికి వినబడాలని ఆ పెద్దావిడే తీయించేసింది. కొడుకు లారీతో ఊళ్ళు తిరుగుతాడు.

తుంటి విరిగి మంచాన పడకముందు పెద్దావిడ చెరువు కింద పొలాలకు కాపలా ఉండేది. చలికాలమంతా పైరు మీద వాలే అడవి బాతుల్ని తోలడమే పని. అందుకే అరుపు వింటే చాలు, కళ్ళు మూసుకునే చెప్పేసేది. కిందుగా, గోలగోలగా తూర్పుకు పోతే మేతకు. బాగా ఎత్తున, ఒకటి పిలిస్తే మిగతావి పలుకుతూ ఉత్తరానికి పోతే సొంత చోటికి. ఇక మళ్ళీ చలికాలానికే రావడం.

వదిన అక్కకు వేరే ఊళ్ళో కుట్టు దుకాణం ఉంది. వచ్చి తనతో పనిచేయమని ఏళ్ళుగా పిలుస్తోంది. వదిన ప్రాణమంతా అక్కడే. పెద్దావిడ కాదనలేదు. "బాతులు వెళ్ళిపోగానే నువ్వూ వెళ్దువుగానిలే. ఎండాకాలం నా కూతురొచ్చి ఉంటుంది," అంది. ఆ తర్వాత ఏ గుంపు గురించి అడిగినా ఒకటే మాట, "అవి మేతకి." నాకు ఒళ్ళు మండేది. కోడలి చెవిలో పూలు పెట్టేవాళ్ళను చూశాను గానీ, బాతుల చేత పెట్టించినావిడ ఈవిడొక్కతే.

వదిన కిక్కురుమనేది కాదు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఈవిడది చొక్కా కాలర్ల మీద. కానీ వింటూ వింటూ తనూ నేర్చుకుంది. వంటింటి కిటికీ వైపు మొదలైన అరుపు వీధి గుమ్మం మీదుగా పోతే ఉత్తరమని నాకే చూపించింది.

"తెలిశాక ఇంకా వెళ్ళవేం?" అన్నాను.

"ఆవిడ నోటితో అననీ," అంది.

మొన్న సాయంత్రం బట్టల కోసం వెళ్ళేసరికి వంటింటి వైపు నుంచి, బాగా ఎత్తున, ఒకటి పిలుస్తోంది, మిగతావి పలుకుతున్నాయి. అరుపు మా నెత్తి మీదుగా వీధి దాటిపోయింది. వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెనకగదిలోకి పరుగెత్తింది. ఈసారి ఎలా బొంకుతుందో చూద్దామని నేనూ వెళ్ళాను.

వదిన వంగి, "విన్నారా అత్తయ్యా?" అంది.

"ఏంటి?"

వదిన వేలు పైకి చూపించింది.

"పైన చప్పుళ్ళేవీ నాకు వినబడట్లేదే. చాన్నాళ్ళయింది. నువ్వడిగితే ఏదో ఒకటి అనేదాన్ని." పెద్దావిడ తడుముకుని వదిన కొంగు గుప్పిట పట్టుకుంది. "వెళ్ళిపోయాయా?"

'వెళ్ళిపోయాయి' అని నేనే అరుద్దామనుకున్నాను. వదిన ఆ గుప్పిట వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఇంకాస్త వంగి, ఆవిడ చెవిలో చెప్పింది.

"లేదత్తయ్యా. అవి మేతకి."