పుంగనూరు లాయంలో చింతపండు

మా అంగడి వెనక పాలెగాళ్ల దండు గుర్రాల లాయం ఉంది. తాత హయాం నుంచి మాకదే చింతపండు గోడౌను. చిన్నప్పటి నుంచీ మధ్యాహ్నం బస్తాల మీద వాలితే నాకు లోకం తెలిసేది కాదు. పైనున్న గాలికంతల్లోంచి ఎండ చారలుగా దిగేది. వరసగా కమానులు, ఒక్కోదాని కింద రాతితొట్టి, పక్కనే పగ్గం కట్టే ఇనుపకడియం. గుర్రాల ఉచ్చ కాలవలోకి పోయేలా నేల వెనక్కి వాలుగా ఉండేది. కళ్లు సగం మూస్తే తోకలు కదిలేవి. ఆ పులుపు వాసనలో గుర్రాల చెమట వాసన ఎక్కడిదని అడక్కండి, నాకు వచ్చేది.

కొన్నేళ్లుగా గోడలు పొడిపొడిగా రాలుతున్నాయి. మా నాయనకు లాయమంటే ప్రాణం. వానను తిట్టుకుంటూ ఏటా సిమెంటు పూయించేవాడు. అది పెచ్చులూడి, లోపలి ఇటుకను కూడా పట్టుకుపోయేది.

"ఇది కూలిపోతే నేను సూళ్లేనమ్మా," అన్నాడొకరోజు అన్నం ముందు కూర్చొని. నాకు భయమేసింది.

మదనపల్లె నుంచి గానుగసున్నంతో పాత గోడలు బాగుచేసే పెద్దాయనను పిలిపించాను. ఆయన గోడను కొట్టి చూడలేదు, కొలవలేదు. చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పప్పా ఇది. చింతపండులో కలుపుతారు గదా?"

"కలపకుంటే యాడ నిలుస్తాది? పురుగు పడతాది," అన్నాడు నాయన.

"ఆ ఉప్పే గోడలోకి దిగతాండాది. సిమెంటు పూస్తే బయటికి రాలేక లోపల్లోపలే తింటాండాది. వానది తప్పు కాదు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదని? ఏటా ఉప్పు కలిపిన చేతులు మావే.

"ఇప్పుడేం సేయాల?" అన్నాడు నాయన.

"సిమెంటు గీకేసి తడి బంకమట్టి పూయాల. ఆరినాక తీసేసి మళ్లా పూయాల. ఉప్పు మట్టిలోకి వస్తాది. ముందు సరుకు ఎత్తేయండి. మళ్లా ఈడ పెట్టాకండి."

ఆ వారమే బస్తాలన్నీ రోడ్డు పక్క రేకులషెడ్డుకు మార్చాం. ఖాళీ లాయంలో మా మాటలు మాకే మెల్లగా తిరిగొచ్చేవి. నిండా వెలుతురు. అంత అందం మా బస్తాల వెనకే ఉందని అప్పుడు తెలిసి, ఏడుపొచ్చింది.

ఇప్పుడు మూడోసారి మట్టి పూశారు. నాయన రోజూ సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి గడప అవతలే నిలబడి చూస్తాడు.

"లోపలికి రా నాయనా," అన్నాను నిన్న.

"వద్దులేమ్మా," అన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకొని. "నా ఒంటినిండా ఉప్పే ఉండాది."