మోకాలెత్తు మొక్కకు నిలువెత్తు పంజరం

పోయిన గురువారం మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేసి, "అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అన్నారు. రెండు రోజులుగా ఆయాసంగా ఉందట. ఆసుపత్రిలో నిద్రలోనే పోయారట. సాయంత్రానికి ఇక్కడ మెల్‌బోర్న్‌లో, మా పాయింట్ కుక్ తెలుగు చర్చి గ్రూపులో వార్త వచ్చింది. అందులో ఆయన గురించి "నర్సరీలో పనిచేసేవారు" అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పనిచేసింది నర్సరీలో కాదు. ప్రభుత్వ లైసెన్సు ఉన్న తోటలో, మందుల తయారీ కోసం, ఆరుబయట గంజాయి పండించారు. ఆ తోటకు సూపర్‌వైజరు. నాకు గురువు. దాచడానికి ఇందులో ఏముంది?

నేను మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో, వ్యవసాయ ప్రాజెక్టు కోసం యూనివర్సిటీవాళ్ళు నన్ను ఆ తోటకే పంపారు. ఆయన కారులోనే వెళ్ళేదాన్ని, గంటన్నర దారి. మొదటి రోజు దారిలో అమ్మ ఫోన్ చేస్తే "ఏవో ఔషధ మొక్కలమ్మా" అని మాట దాటేశాను. ఆయన నవ్వారు.

"గంజాయి అని చెప్పమ్మాయ్. గేటు దగ్గర సెక్యూరిటీ, లోపలంతా కెమెరాలు, ఎవ్రీథింగ్ లీగల్. నొప్పితో ఉన్నవాళ్ళకి మందవుద్ది. నేను చర్చిలో నిలబడే చెప్పాను, నీకేంటి భయం?"

నిజంగానే చెప్పారు. తర్వాత రెండు వారాలు కొందరు పలకరించలేదనీ, మూడో వారం వాళ్ళలోనే ఒకాయన వచ్చి తన మోకాళ్ళ నొప్పుల గురించి వాకబు చేశాడనీ ఆంటీ చెప్పి నవ్వేవారు.

నా ప్రాజెక్టుకు పన్నెండు మొక్కలిచ్చారు, పోల్చి చూడటానికి పక్క వరసను పంజరాల్లేకుండా వదిలారు. పంజరం కడితే గాలికి కొమ్మలు విరగడం తగ్గుతుందా అన్నది నేను తేల్చాలి. ఏడాదికి ఒకటే పంట. అది చేజారితే నా డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. స్లాబుకు వేసే ఇనుప జాలీని చుట్టగా చుట్టి, మొక్క చుట్టూ నిలబెట్టి, గూటాలు దిగ్గొట్టడం అంకుల్ పద్ధతి. మొక్క మోకాలెత్తు ఉండగానే నా నిలువెత్తు పంజరం పెట్టించారు. చంటిపిల్లకు తాత చొక్కా తొడిగినట్టుందని నేను నవ్వాను.

"పెద్దదయ్యాక తొడగాలంటే కొమ్మలిరుగుతాయ్. ఇప్పుడైతే అదే ఎదిగి నింపుకుంటది, వెయిట్ అండ్ సీ."

పొద్దున్నే కొమ్మ బిరుసుగా ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది అనేవారు. ఎండ తగిలి మెత్తబడ్డాకే దాన్ని జాలీ గళ్ళలోంచి బయటికి తెచ్చేవారు. రోజుకు కాస్తే వంచేవారు. కట్టిన ప్రతి కట్టులోనూ రెండు వేళ్ళు దూర్చి చూసేవారు. దూరకపోతే విప్పేసేవారు.

మధ్యలో వాళ్ళ పెద్దమ్మాయి పురుడని ఆయనా ఆంటీ మూడు వారాలు సిడ్నీ వెళ్ళారు, పెండిల్ హిల్‌కు. పని నా చేతికి వచ్చింది. నేను చిన్నప్పటి నుంచి పూలు కట్టిన దాన్ని, ముడి వేస్తే జారకూడదు. మొక్కలకూ అలాగే లాగి బిగించాను. కొమ్మలు లావెక్కాయి. దారాలు బెరడులోకి దిగాయి. అది చూసుకోకుండా నా కట్లన్నీ ఎంత ముచ్చటగా ఉన్నాయో అని మురిసిపోయాను.

ఆయన తిరిగొచ్చింది శనివారం. సోమవారం పెద్ద గాలి ఉందని అప్పటికే హెచ్చరిక వచ్చింది. మొదటి మొక్క దగ్గరే ఆగిపోయారు.

"దండలు కట్టావా అమ్మాయ్?"

నాకు ఏడుపొచ్చింది. బిగిసిన కొమ్మకు ఊగే వీలుండదు, కట్టు దగ్గరే తెగుతుంది.

"ఏడిస్తే ముడులూడవ్. రేపొద్దున్న వచ్చేద్దాం."

"రేపు ఆదివారం కదా అంకుల్, చర్చి?"

"ప్రభువుకి నేను చెప్పుకుంటాలే."

ఊళ్ళో ఉండి ఆయన ఆరాధన మానడం అదే మొదటిసారని ఆంటీ తర్వాత చెప్పారు. ఆ ఆదివారం పొద్దున్నుంచి పొద్దువాలేదాకా విప్పాం. పాత దారాలు ఆయన జాగ్రత్తగా కోశారు. కొత్తవి మాత్రం ఒక్కటీ కట్టలేదు. "చెడగొట్టిన చెయ్యే కట్టాలి" అన్నారు. నేను కడుతుంటే వేళ్ళు దూర్చి, ఊఁ అని పక్కదానికి కదిలారు.

సోమవారమంతా గాలి చావగొట్టింది. మంగళవారం వెళ్ళేసరికి పంజరాల్లేని వరసలో కొమ్మలు చీలి నేలమీద పరిచినట్టున్నాయి. మా పన్నెండూ నిలబడ్డాయి. ఆరో మొక్కకు మాత్రం ఒక కొమ్మ, నా పాత కట్టు కోసిన చోటే విరిగింది. నేను దాన్ని గబగబా తీసేయబోతే ఆయన ఆపారు.

"అదీ రాయి. ఎందుకిరిగిందో కూడా రాయి."

రాశాను. నేనివాళ పదిమందికి ఈ పని నేర్పుతున్నానంటే ఆ ఒక్క వాక్యంతో మొదలుపెట్టే నేర్పుతున్నాను.

కోతకు ముందు మా ప్రొఫెసర్ చూడటానికి వచ్చారు. అప్పటికి మొక్కలు పంజరాలను నింపేసి నా తలను దాటిపోయాయి. ఇంత చక్కగా మలిచింది ఎవరని ఆవిడ అంకుల్‌నే అడిగారు. ఎన్నో పంటలు తీసిన మనిషి, ఆయన "నేనే" అంటే కాదనేవాళ్ళు లేరు.

"షీ డిడ్. ఆల్ ట్వెల్వ్" అన్నారాయన, టోపీ తీసి మరీ.

తోటవాళ్ళ అనుమతి తీసుకుని ప్రొఫెసర్ నాకు ఫొటో తీశారు. అంకుల్‌ను పిలిస్తే రానన్నారు. అంత్యక్రియల నాడు ఆంటీకి అది చూపించాను. పన్నెండు మొక్కల ముందు నేను పళ్ళికిలించుకుని ఉన్నాను. అంకుల్ ఎక్కడా లేరు. నా ముఖానికి అడ్డం వస్తున్న కొమ్మను, ఆకుల వెనక నుంచి ఒక చెయ్యి మెల్లగా పక్కకు పట్టుకుని ఉంది.