మంత్రగాళ్ల ఆట, రెండో ముద్రణ

మీ వాడలో ఫలానా ఆవిడ మంత్రగత్తె అని మీకెలా తెలిసింది? కళ్లారా చూశారా, లేక పదిమందీ అన్నారు కనుక మీరూ తలూపారా?

తొంభైల్లో కరీంనగర్ బస్టాండు దగ్గర పాత పుస్తకాల కుప్పలో నాకొక ఇంగ్లిషు ఆట దొరికింది. ఒకే ఆట, రెండు ముద్రణలు. బోర్డు లేదు, పావులు లేవు. నియమాల పుస్తకమే ఆట. నలుగురు కూర్చుని తలా ఒక పాత్ర పట్టి కథ అల్లుకుంటూ పోవాలి. ఏం జరిగిందో పాచికలు వేసి తేల్చుకోవాలి. కథ జరిగేది ఓ మహానగరంలో. అక్కడ గుమాస్తాల్లో, కండక్టర్లలో మంత్రగాళ్లు దాగి ఉంటారు. దయ్యాలు లేవని వాదించడానికే పుట్టాననుకునే నేను రెండూ కొన్నాను. శత్రువు సాహిత్యం చదవాలి కదా!

మొదటి ముద్రణలో దయ్యాలు సిటీ బస్సుల్లో ఉచితంగా తిరుగుతాయి. రెండోదానిలో టికెట్టు కొనాలి. దయ్యాలకైనా క్రమశిక్షణ వచ్చింది. అసలు తేడా వేరే ఉంది. మొదటిదాని ప్రకారం ముగ్గురు అనుమానిస్తే చాలు, నాలుగోవాడు మంత్రగాడే, నగరం విడిచిపోవాలి. రెండోదానిలో ఆ నియమం కొట్టేశారు. ఆరోపించినవాడే రుజువు చూపాలి. తగువులతో ఆట చెడిపోతోందని ముందుమాటలో రాసుకున్నారు పాపం. దయ్యాలతో వ్యాపారం చేసేవాళ్లు కూడా తప్పు దిద్దుకున్నారు. మా వాడలో మాత్రం తాతల నాటి నుంచీ మొదటి ముద్రణే, అక్షరం మారకుండా.

అప్పట్లో మేమున్నది మరమగ్గాల వాడ. పక్క గదిలో నేతకు నూలు కండెలు చుట్టి బతికే ఒంటరి ఆవిడ అద్దెకుండేది. ఎదురింటాయన మగ్గం మీద పోగులు తెగసాగాయి. నూలు నాసిరకమేమో అని ఎవరికీ తోచలేదు. పక్క గది ఆవిడ బాణామతి చేసిందన్నారు. ఆమె చేత గది ఖాళీ చేయించాలా వద్దా అన్నది కులపెద్ద మర్నాడు తేల్చాలి.

ఆ సాయంత్రం కులపెద్ద, ఎదురింటాయన పచ్చీసు ఆడటానికి మా అరుగు మీదికి వచ్చారు.

"జర గీ కొత్తాట ఆడుదాం పెద్దయ్యా," అన్నాను. మా ఆవిడా కూర్చుంది. పాచికలు లేవు కనుక పచ్చీసు గవ్వలే వేశాం. మొదటి ముద్రణ తెరిచాను. పెద్దాయనది కండక్టరు పాత్ర.

"కండక్టరు మీద నాకు అనుమానం," అన్నాను.

"నాకూ," అంది మా ఆవిడ.

పెద్దాయనను ఓడించే భాగ్యం ఎదురింటాయనకు ఎన్నడూ దక్కలేదు. "ఇంకేంది, మంత్రగాడే!" అని తొడ చరిచాడు.

"పెద్దయ్యా, నువ్వు ఊరిడిసి పోవాలె," అన్నాను.

పెద్దాయన గవ్వలు విసిరికొట్టాడు. "మీరు ముగ్గురంటే అయిపాయెనా? నేనేం జేసిన? రుజువేది?"

"గీ పుస్తకంల రుజువు అడుగరు. గా రెండో దాంట్ల అడుగుతరు."

"మరి గదే తియ్యరాదూ! గిదేం దిక్కుమాలిన పుస్తకం!"

పక్క అరుగు మీద కండెలు చుట్టే రాట్నం ఆగింది.

"రేపు నాకు ఏ పుస్తకం తీస్తవు పెద్దయ్యా?" అంది ఆవిడ.

పెద్దాయన చెల్లాచెదురైన గవ్వలు ఏరుకున్నాడు. ఎదురింటాయన వైపు తిరిగి, "రేపు రుజువు తెచ్చుకో. లేకుంటే నోరు మూసుకో," అన్నాడు.

మర్నాడు ఎదురింటాయన తెచ్చింది తెగిన పోగుల ఉండ. పెద్దాయన దాన్ని వేళ్ల మధ్య నులిమి చూశాడు. "గిది నూలా, పీచా? అమ్మిన సేటును పోయి అడుగు."

ఆవిడ ఆ గదిలోనే ఉండిపోయింది. ఎదురింటివాళ్లు మాత్రం ఆమె నీడ తగలకుండా గోడ వారగా నడిచేవారు. కొత్త ముద్రణ వచ్చినంత మాత్రాన పాత ప్రతులు చిరిగిపోవు.

మీ వాడలోనూ రేపో మాపో ఒక పేరు వినిపిస్తుంది. తలూపకండి. లేచి నిలబడి, ఆరోపించినవాడి మొహం మీదే, పదిమందిలో అడగండి: రుజువేది?