మజ్జిగతో పోయిన మూడు వారాలు

అది 1987, వానాకాలం. హనుమకొండలో పెంకుల వరండా ఉన్న ఒక చిన్న కుష్టు క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. మంగళవారం వస్తే వరండా నిండిపోయేది. ఫినాయిల్ వాసన, తడిసిన గొడుగులు, సైకిల్ రిక్షాల గంటలు, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటూ బెంచీల మీద జరిగి చోటిచ్చే మనుషులు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. జీతం తక్కువ, పని ఎక్కువ, అయినా మంగళవారం కోసం ఎదురు చూసేదాన్ని.

అప్పుడే మాకు ఎం.డి.టి. వచ్చింది. అంటే ఏళ్ల తరబడి ఒకే బిళ్ల మింగించకుండా, రెండు మూడు మందులు కలిపి కొద్ది నెలల్లోనే జబ్బు నయం చేయడం. నెలకోసారి ఎర్ర క్యాప్సూల్ మా ఎదుటే మింగాలి, ఇంట్లో రోజూ తెల్ల బిళ్ల వేసుకోవాలి. ఆ మందును నేనే కనిపెట్టినంత గర్వంగా ఉండేది నాకు. వచ్చినవాళ్లందరికీ మచ్చలు మాయమైపోతాయని ఢంకా బజాయించి చెప్పేదాన్ని.

ఆ మందు మొదలుపెట్టినవాళ్లలో సారయ్య ఒకడు. వరంగల్‌లో జంపఖానాలు నేసేవాడు. నలభై ఏళ్లుంటాయి. చెంప మీద ఒక మచ్చ, కుడి మోచేతి దగ్గర ఒకటి. అతనూ భార్య రాజమ్మా ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేసేవారు. నూలును బిగించడానికి పంజా అనే ఇనుప పనిముట్టుతో పొద్దస్తమానం కొట్టాలి. అతనికి కుడిచెయ్యే జీవనాధారం.

మందు మొదలుపెట్టాక కొందరికి రియాక్షన్ వస్తుందని ట్రైనింగులో చదువుకున్నాను. మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, నరాలు వాస్తాయి. ఆ సంగతి సారయ్యకు చెప్పలేదు. చెబితే భయపడి మందు మానేస్తాడేమోనని నా తెలివి.

మూడో నెల వచ్చినప్పుడు అతని చెంప మీద మచ్చ కందిపోయి ఉంది.

"మందు బాగ వేడి జేసింది సిస్టరమ్మా," అన్నాడు. "మచ్చలు ఉబ్బినయ్. మోచేతికాడ గూడ జర గుంజుతాంది."

మా వైపు ఏ మందు వేసుకున్నా వేడి చేసిందనే అంటారు. మా అమ్మకు జ్వరం బిళ్ల కూడా వేడి చేసేది. నేనూ ఆ ఇళ్లలో పుట్టినదాన్నే కదా, నోటికి అలవాటైన జవాబే వచ్చింది.

"ఫికర్ జెయ్యకు సారయ్యా. మజ్జిగ ఎక్కువ తాగు, వంకాయ తినకు. వచ్చే నెల చూద్దాం."

వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. మోచెయ్యి గుంజుతోందని అతను నోరు తెరిచి చెప్పినా నేను ఆ చెయ్యి ముట్టి చూడలేదు. కార్డు మీద టిక్కు పెట్టి పంపేశాను.

మూడు వారాల తర్వాత రాజమ్మ ఒక్కతే వచ్చింది. మంగళవారం కూడా కాదు. వరండాలోకి రాకుండా మెట్ల దగ్గరే నిలబడింది.

"నీ మందు బందు వెట్టిన. మా ఆయన చేతిలకెల్లి పంజా జారి పడుతాంది," అంది.

"ఎవల్నడిగి ఆపినవ్?" అని గయ్యిమన్నాను.

"నిన్నడిగితె మళ్ల మజ్జిగే జెప్తవ్. కుండలకు కుండలు తాగిచ్చిన."

గొడుగు కూడా మరిచిపోయి ఆమెతో పాటే రిక్షా ఎక్కాను.

సారయ్య మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకొమ్మన్నాను. లాగితే అలా వచ్చేసింది. మోచేతి వెనక నరం మీద వేలు ఆనించగానే "అబ్బా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ నరం తాడులా లావెక్కి తగిలింది. ఆ రోజు క్లినిక్‌లో ఇది చూడడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.

ఇద్దరినీ అదే రిక్షాలో క్లినిక్‌కు తీసుకొచ్చాను. డాక్టరుగారు చూసి, చెయ్యి ఇంకా పోలేదు, ఆలస్యం మాత్రం చేశాం అన్నారు. రాజమ్మకు నెమ్మదిగా విడమరిచి చెప్పారు. అంతదాకా క్రిములను పట్టించుకోని ఒళ్లు, మందు పని మొదలుపెట్టాక మేలుకుని వాటి మీద విరుచుకుపడుతుంది. చచ్చిన క్రిములను కూడా వదలదు. అవి దాక్కున్నది నరంలో గనుక నరం వాస్తుంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ బిళ్లలు వాడాలి, చేతికి స్ప్లింట్, అంటే కదలకుండా పట్టీ, కట్టాలి. పాత మందు మాత్రం ఆపకూడదు.

"చెయ్యి పడగొట్టిన మందే మళ్ల మింగాల్నా?" అంది రాజమ్మ. లేచి భర్త భుజం పట్టుకుంది, వెళ్లిపోదాం అన్నట్టు. వాళ్లు ఆ గుమ్మం దాటితే ఇక తిరిగి రారని, ఆ చెయ్యి శాశ్వతంగా వంకరపోతుందని నాకు తెలుసు.

"మందుది తప్పు కాదు రాజమ్మా, నాది," అన్నాను. "ఇట్లయితదని నాకు ఎరుకే. మీరు భయపడ్తరని జెప్పలే. మోచెయ్యి గుంజుతాందంటె ముట్టి సూడలే."

డాక్టరుగారి ముందు అలా అనడానికి చాలా సిగ్గేసింది. రాజమ్మ నా ముఖంలోకి అలాగే చూసింది. తర్వాత భర్త భుజం వదిలి మళ్లీ కూర్చుంది.

నాలుగైదు నెలలు ప్రతి వారం వాళ్లింటికి వెళ్లాను. రాజమ్మ ఒక్కతే నేసేది. నేను పక్కన కూర్చుని సారయ్య చేత వేళ్ల కసరత్తు చేయించేదాన్ని. మగ్గం చప్పుడులో వాళ్లిద్దరూ నన్ను మజ్జిగ సిస్టరమ్మ అని ఏడిపించేవారు. నాకు నవ్వూ వచ్చేది, లోపల కలుక్కుమనేది కూడా. మచ్చలు చల్లబడ్డాయి. పట్టు మెల్లగా తిరిగొచ్చింది. సారయ్య మళ్లీ పంజా పట్టాడు. చిటికెన వేలు మాత్రం వంగే ఉండిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత, హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టిన కొందరికి కూడా ఒళ్లు ఇలాగే మేలుకుని వాపులు, జ్వరాలు తెస్తుందని కుర్ర డాక్టర్లు మాకు పాఠం చెప్పారు. వాళ్లు బోర్డు మీద బొమ్మలు గీస్తుంటే నాకు సారయ్య మోచెయ్యే కనిపించింది.

సారయ్య చెయ్యి చూసిన నాటి నుంచే మొదటి బిళ్ల చేతిలో పెట్టేముందే అన్నీ చెప్పడం నేర్చుకున్నాను. ఎర్రబడినా, గుంజినా ఆ రోజే రావాలని, బిళ్ల మాత్రం ఆపొద్దని చెప్పేదాన్ని. ఒక మంగళవారం అలా చెబుతుంటే కొత్తగా వచ్చినామె హడలిపోయి బిళ్లలు నా వైపు తోసేసింది. ఆఖరి చెకప్‌కు వచ్చిన సారయ్య బెంచీ మీద నుంచి లేచి, ఆమె ముందు కుడిచెయ్యి చాపాడు.

"జూడు బిడ్డా. ఈ నాలుగు వేళ్లు మందు వెట్టిన భిక్ష," అన్నాడు. "ఈ ఒక్కటి మేం ఆలస్యం జేస్తె పోయింది."

సిస్టరమ్మ ఆలస్యం చేసిందని అనొచ్చు. అంటే తలవంచుకుని ఒప్పుకునేదాన్ని. అతను "మేం" అన్నాడు.