చిన్నక్క చెప్పిన రేపటి మాట

మా చిన్నక్కది చిట్వేలు. చిన్నక్క అన్నది దాని పేరే, వయసులో నాకంటే చిన్నది. మనిషి నాలుగడుగుల చిల్లర, మొండితనం మాత్రం ఏడడుగులు. కువైట్‌లో, ఖైతాన్ పేటలో ఇద్దరం ఒకే బిల్డింగులో ఉండేవాళ్లం. నేను కింద ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో, తను పైన ఒక టర్కీ ఇంజనీరు ఇంట్లో పనికి. ఆ ఇంజనీరు తల్లి పేరు నూరియే. ఒకప్పుడు వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన పంతులమ్మ. అరబ్బీ రాదు, హిందీ రాదు. మాట్లాడే తోడు కోసం పనిమనిషికే టర్కీ నేర్పింది. అక్కడి పనివాళ్లు యజమానురాలిని పిలిచినట్టు మామా అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. తెయ్జె అనాలి, అంటే పిన్నమ్మ.

తొంభైలో, ఎండాకాలం సెలవులకు కొడుకూ కోడలూ టర్కీ వెళ్లారు. వెనకే రావలసిన ముసలమ్మ బాత్‌రూములో జారి కాలు విరగ్గొట్టుకుని ఆగిపోయింది. ఆ వారమే ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. టెలిఫోన్లు మూగబోయాయి. టర్కీవాళ్ల బస్సులు కదిలినప్పుడు కట్టు పచ్చిగా ఉందని ఆమెను ఎవరూ ఎక్కించుకోలేదు.

సైనికులు ఇళ్లు సోదా చేసే రోజులు. మెట్ల మీద బూట్లు వినపడితే నేను పైకి పరుగెత్తి చిన్నక్క పక్కన కూలబడేదాన్ని. ముసలమ్మ మాత్రం మంచం మీద కూర్చుని, చిన్నక్క చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగేది: "యారిన్ నె యపజాక్సిన్?" రేపు ఏం చేస్తావు అని. చిన్నక్క తలుపు కేసి చూస్తూనే జవాబిచ్చేది: "ఎక్మెక్ అలజాయిమ్." రొట్టె కొంటాను. బూట్లు మా తలుపు దాటిపోయేదాకా ఆ రేపటి పాఠమే.

నాకు ఒళ్లు మండిపోయేది.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంట! రేపటికి బతికుంటామో లేదో తెల్దు, నీకు రేపటి మాటలు కావల్సొచ్చినాయా?" అన్నాను ఒకసారి.

"శానా సులువు మెహతాబక్కా," అంది అది, నా తిట్టు దున్నపోతు మీద వాన అయినట్టు. "గెల్ అంటే రా. దాని ఎనక ఎజెక్ తగిలిస్తే వస్తాడని. నేనొస్తా అంటే గెలెజేయిమ్. కొన్ని మాటలకు ఎజెక్ పడదు, అజక్ పెట్టాల. నోటికి యాది ఒదిగితే అది."

తెలుగులో రోజూ వస్తానన్నా, రేపు వస్తానన్నా ఒకటే మాట. వాళ్లకు రెండున్నాయట. గెలిరిమ్ అంటే వస్తాలే అనడం. గెలెజేయిమ్ అంటే రావాలని గట్టిగా అనుకుని చెప్పడం.

ఇంకో సంగతి కూడా వాళ్లిద్దరి మధ్య నడిచింది. గడప దాటేటప్పుడు పోతా అనకూడదనీ, అట్లా అంటే తిరిగి రానట్టేననీ, పోయొస్తా అనాలనీ చిన్నక్క చెప్పింది. మాకూ ఉందే ఆ మాట, గిదిప్ గెలెజేయిమ్, అని ముసలమ్మ మురిసిపోయింది. అప్పట్నుంచి నీళ్లకు వెళ్లినా రొట్టెల వరసకు వెళ్లినా చిన్నక్క ఆ మాట చెప్పే వెళ్లేది.

మనవాళ్లను జోర్డాన్ సరిహద్దుకు చేర్చే బస్సులో మా ఇద్దరికీ చోటు దొరికింది. వెళ్లిపొమ్మని ముసలమ్మే చెప్పింది. కింది ఫ్లాట్ సిరియా ఆమె చూసుకుంటానంది. చిన్నక్క రొట్టెలు, నీళ్లు మంచం పక్కన పెట్టి, గడప దగ్గర అలవాటు కొద్దీ "గిదిప్ గెలెజేయిమ్" అనేసింది. ముసలమ్మ తలూపింది.

బస్సు స్కూలు మైదానంలో ఆగి ఉంది. ఎక్కి కూర్చున్నామో లేదో, చిన్నక్క మూట నా ఒళ్లో పెట్టి లేచింది.

"యాడికే?"

"తలకాయ ఊపిందక్కా. నేనొస్తానని ఊపింది."

"నోరు జారితే ఏమాయెనే! బస్సు పోతాది!"

వినలేదు, దిగిపోయింది. నేను దాన్నీ ముసలమ్మనూ టర్కీ భాషనూ కలిపి తిట్టాను. ఏదో పర్మిషన్ కాగితం రాక బస్సు కదల్లేదు. తీరా కదలబోతుంటే వీధి మలుపులో చిన్నక్క కనిపించింది. లూటీ అయిన జమియా స్టోరు ట్రాలీ తోసుకుంటూ వస్తోంది. అందులో కట్టు కాలు బయటికి చాపి నూరియే. సిరియా వాళ్ల తలుపుకు తాళం వేసి ఉందట.

మా బస్సు చూసుకుంటున్న బుల్లిరాజు గోదావరి మనిషి. చేతులు జోడించాడు. "ఆవిడ మనోళ్లు కాదు కదండీ. ఒక్క సీటు కూడా మిగల్లేదండి."

"నాది ఉంది కదా సామీ, ఆమెకియ్యి. నేను ఎనక బస్సులో వస్తా."

"వెనకాల బస్సుంటుందో లేదో నాకే తెలీదమ్మా!"

చిన్నక్క అప్పటికే ముసలమ్మను మెట్టెక్కిస్తోంది. ఆమె దాని మణికట్టు పట్టుకుని వదల్లేదు. "గెలెజేయిమ్," అంది చిన్నక్క. వేళ్లు వదులయ్యాయి. బస్సు కదిలింది. ఖాళీ ట్రాలీ పట్టుకుని అది మైదానంలో ఒక్కతే నిలబడిపోయింది.

సరిహద్దులో ఎడారి. గుడారాలు, దుమ్ము, గుక్కెడు నీళ్లకు తోపులాట. బస్సు వచ్చిన ప్రతిసారీ ముసలమ్మ నన్ను అడిగేది: "గెలెజెక్ మి?" వస్తుందా అని. దారిలో బస్సులు ఆపేస్తున్నారని గుడారాల్లో చెప్పుకుంటున్నారు. నాకు నమ్మకం పోయింది. అయినా ఆ కళ్లు చూసి "గెలెజెక్" అనేదాన్ని. జీవితంలో అంత భయపడుతూ ఏ మాటా చెప్పలేదు.

టర్కీ ఎంబసీ బండి వచ్చింది. ముసలమ్మ గుడారం కొయ్య పట్టుకుని "గిత్మెయెజేయిమ్" అంది. వెళ్లనని ఎవరూ నాకు విప్పి చెప్పనక్కర్లేదు. రేపు మళ్లీ వస్తాం, అదే ఆఖరు అని వాళ్లు వెళ్లారు. అదే సాయంత్రం విమానానికి నా పేరు పిలిచారు. తిట్టుకుంటూనే కూర్చుండిపోయాను. ఈమెను ఎవరి మొహాన వదిలి పోను?

మర్నాడు పొద్దున ఉల్లిగడ్డల లారీ ఒకటి ఆగింది. జనం మధ్యనుంచి, తలనిండా దుమ్ముతో, ఒక్క చెప్పుతో చిన్నక్క దిగింది. ముసలమ్మ దాని వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఆ పైన కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే మిగతా దెబ్బలు నేను వేశాను.

మధ్యాహ్నం ఎంబసీ బండి మళ్లీ వచ్చింది. ఇద్దరం ముసలమ్మను ఎక్కించాం. చిన్నక్క కన్నీళ్లతోనే ఆమె కట్టు కాలు సీటు మీద సర్దింది. మళ్లీ కలవమని ముగ్గురికీ తెలుసు.

బండి తలుపు వేస్తుండగా నూరియే కిటికీలోంచి చెయ్యి చాపి చిన్నక్క చెంప తుడిచింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మన మాటలోనే అంది: "పోయొస్తా."

"పోయిరా, పిన్నమ్మా," అంది చిన్నక్క.