పెంటమ్మ వద్దన్న పేరు

భావనపాడులో ఈ పదేళ్లలో పుట్టిన పిల్లల్ని పేరు పెట్టి పిలవాలంటే ముసలమ్మలకు నోరు తిరగదు. యశ్వంత్ అట, లోహిత అట, తన్విశ్రీ అట. వలలు బాగుచేసుకునే తండ్రులు సెల్‌ఫోన్లో వెతికి వెతికి పెట్టుకున్న పేర్లు. అందులో తప్పేం లేదు, ఎవరి పిల్లలు వాళ్లకు ముద్దు. అయితే ఎంత వెతికినా ఏ తండ్రీ పెట్టని పేరు ఒకటి ఆ ఊళ్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పెంటమ్మ. పొద్దున్నే చేపల గంపతో ఆటో ఎక్కి టెక్కలి పోతుంది. మనిషి పొడగరి, మాట కటువు, తూకంలో మోసం చెయ్యదు.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. నాలుగో కానుపులో ఈమె పుట్టింది. పిల్లలు దక్కని ఇంట్లో అప్పట్లో ఏం చేసేవారో అదే చేశారు. పురిటి స్నానం కాగానే పసిగుడ్డును చాటలో పెట్టి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పారేసినట్టు వదిలేసి వచ్చారు. తల్లి వెనక్కి తిరిగి చూడకూడదు. దారిన పోతున్నదానిలా మేనత్త వచ్చి పిల్లను ఎత్తుకుంది. తల్లి ఆమెకు దోసెడు నూకలిచ్చి, పరాయి పిల్లను కొనుక్కున్నట్టు తన పిల్లనే కొనుక్కుంది. ఇది మేం కన్నది కాదు, కుప్ప మీద దొరికింది, దీని మీద ఆశపడకు అని చావుకు చెప్పుకోవడమన్నమాట. పేరు కూడా ఆ మాటే చెప్పాలి గనక పెంటమ్మ అన్నారు. పిల్ల బతికింది.

బతికి బడికి కూడా వెళ్లింది, మూడో తరగతి దాకా. మేష్టారు మంచివాడే. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. ఆయన తగ్గించడం చూసే పిల్లలకు నవ్వొచ్చేది. ఒకరోజు పక్క వరసలోవాడు ముక్కు మూసుకున్నాడు. వాణ్ణి చూసి తక్కినవాళ్లూ మూసుకున్నారు. ఆ పిల్ల మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి పలక అటక మీద పడేసింది.

“నాకీ పేరొద్దమ్మా. మార్సీ.”

తల్లి వాకిట్లో నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది. చెయ్యి ఆపలేదు. “ఆ పేరే నిన్ను బతికించినాది. ముందు ముగ్గురికి దేవుళ్ల పేర్లెట్టి మట్టిలో ఎట్టీసినాను. నీకు బతుకు కావాలేటి, పేరు కావాలేటి?”

ఎనిమిదేళ్ల పిల్ల దానికేం చెబుతుంది? ఊరుకుంది. అప్పటినుంచి ఊరుకుంటూనే ఉంది. పెళ్లిచూపుల్లో పేరు అడిగినప్పుడు మగపెళ్లివారి ఆడవాళ్లు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంటే తలవంచుకుని కూర్చుంది. మొగుడు ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు, ఒలే అనేవాడు. అది అలవాటో దయో తేలకముందే వేటకు పోయి తిరిగి రాలేదు. ఆధార్ కార్డులు తీసేవాళ్లు ఊరికొచ్చినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి ఆమె పేరు రెండుసార్లు అడిగింది. రెండోసారి పెంటమ్మ వరసలో చివరివాడికి కూడా వినబడేలా చెప్పింది. ఎన్నిసార్లు తల కొట్టేసినట్టయినా, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు ఆమెకొక ఊరట ఉండేది. ఈ పేరు వల్లే కదా ఉన్నాను, ఇది లేకపోతే ఆ ముగ్గురి పక్కనే ఉండేదాన్ని అనుకునేది. ఆ ఊరటతోనే యాభై ఏళ్లు గడిపింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఈశ్వర్. ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్లలో పని చేస్తాడు. కోడలు గౌరి గట్టిగా మాట్లాడి ఎరగదు. గౌరికి తొలిచూలు మగపిల్లవాడు, తొమ్మిదో రోజున పోయాడు. రెండోది ఆడపిల్ల, నాలుగో నెలలో పోయింది. తిత్లీ తుపాను వచ్చిన ఏడాదికి ముందటి ఏడాది, శ్రావణంలో మళ్లీ ఆడపిల్ల పుట్టింది. ఈ పిల్లయినా నిలుస్తుందా అన్నది తప్ప ఆ ఇంట్లో మరో మాట లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, వాకిట్లో చేపలు తోముతున్నా అందరి చెవులూ ఉయ్యాల మీదే.

పురిటి మంచం మీద నుంచే గౌరి అడిగింది. “అత్తా, గుంటకి నీ పేరెడదాం.”

“ఏటన్నావు?”

“కుప్ప మీదెట్టి కొనుక్కుందాం. నువ్వు బతికినావు కదా.”

పెంటమ్మకు ఒళ్లు మండింది. “నాను బతికిన బతుకు నీకేటి తెలుసు? ఈ గుంట బడికెల్తాది, కాలేజీకెల్తాది. అక్కడ దీన్ని ఏటని పిలుస్తారు? నాను ఉండగా ఆ పేరు ఎట్టనివ్వను.”

పక్కింటి జగ్గమ్మ ఆమెతో కలిసి చేపలమ్ముతుంది, వయసులో పెద్దది. ఆమె కూడా చెప్పి చూసింది. “పేరుదేటున్నాదే, పెద్దయినాక మార్సుకుంతాది. ముందు గుంట దక్కాల కదా.”

“నన్ను మార్సుకోనిచ్చినారేటి?” అంది పెంటమ్మ. ఫోన్లో అడిగితే ఈశ్వర్, “మీ ఇద్దరూ ఏటంటే అదేనమ్మా” అని తప్పించుకున్నాడు.

పట్టుదలా అంటే పట్టుదలే. పిల్ల ప్రాణానికి పోటీగా పేరు పట్టుకుని కూర్చుంది అని ఎవరైనా అంటే అనవచ్చు. కాని ఆ మనిషికి పుట్టి బుద్ధెరిగాక తన ఇష్టప్రకారం జరిపించుకోగలిగిన పని ఇదొక్కటే. టెక్కలిలో తన దగ్గర కవళ్ల చేపలు కొనే ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. తెల్లకోటు చేతి మీద వేసుకుని స్కూటీ ఎక్కి కాలేజీకి పోయేది. ఆమె పేరు జాహ్నవి. పెంటమ్మ ఆటోలో వస్తూ ఆ పేరును నాలుగు రోజులు నోట్లో తిప్పుకుని నేర్చుకుంది. పుట్టిన కాగితంలో ఆ పేరే రాయించింది. గౌరి ఏమీ అనలేదు. అననందుకు ఒప్పుకుందనుకుంది పెంటమ్మ.

నలభై రోజులు పిల్ల బాగానే ఉంది. తర్వాత పాలు తాగడం తగ్గించింది. ఏడిస్తే పెదవులు నీలంగా మారేవి. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, పుట్టుకతోనే గుండెలో లోపం ఉందమ్మా, వెంటనే విశాఖ తీసుకెళ్లాలి అని అంబులెన్సు ఎక్కించాడు. దారిలో రణస్థలం దాటేసరికి పిల్ల చల్లబడిపోయింది. గౌరి ఏడవలేదు. అంబులెన్సు వెనక్కి తిప్పాక కూడా పిల్ల తలకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

ఈశ్వర్ రైలెక్కి వచ్చాడు, పదకొండు రోజులుండి వెళ్లిపోయాడు. డాక్టరు చెప్పిన మాట పెంటమ్మ చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. ఆయనకేం తెలుసు, కోడలు నోరు తెరిచి అడిగిన పేరును వద్దన్నది తనే కదా. తన సిగ్గు కోసం పిల్ల ప్రాణం తీసేసింది కదా. పొద్దున్నే పడవల దగ్గర చేపల వేలానికి వెళ్లడం మానేసింది. కూడు సయించేది కాదు. గౌరి చీపురు పట్టుకుంటే ఆ చీపురుతో తనను కొడితే బాగుండునని చూసేది. జగ్గమ్మ గుమ్మం దాకా వచ్చి, కళ్లు తప్పించుకుని వెళ్లిపోతుంటే, ఊరంతా తననే అంటున్నారని ఖాయం చేసుకుంది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఇక పట్టలేకపోయింది. గౌరి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. పెంటమ్మ వెళ్లి కోడలి కాళ్ల దగ్గర కూలబడింది.

“నానే సంపీసినానే. నువ్వడిగినావు, నాను ఇననేదు. నా పేరెట్టుంటే నీ గుంట ఉండీది. నన్ను తిట్టు, ఏటో ఒకటి అను.”

గౌరి చాట పక్కన పెట్టింది.

“ఎట్టినాను అత్తా” అంది.

“ఏటి?”

“పన్నెండో రోజున నువ్వు పడవల కాడికెల్లినావు. నానూ జగ్గమ్మత్తా గుంటని కుప్ప మీదెట్టినాం. నాను ఎనక్కి సూడనేదు. ఆవిడ ఎత్తుకుంటే నూకలిచ్చి కొనుక్కున్నాను. అన్నీ నీకు సేసినట్టే సేసినాం.” ఒళ్లో రాలిన బియ్యపు గింజలు ఏరి చాటలో వేసింది. “నువ్వు ఇంట్లో నేనప్పుడు దాన్ని పెంటమ్మా అని పిలిసీదాన్ని. నవ్వీది కూడా. నీ తప్పు నేదత్తా. ఏ పేరెట్టినా అది ఉండీది కాదు.”

కోడలు తనను ఓదార్చడానికే ఇన్నాళ్లూ దాచిన ఈ నిజం చెప్పిందని పెంటమ్మకు తెలుసు. మెడ మీద నుంచి బరువు దిగాలి, దిగింది కూడా. కాని దానితో పాటు మరొకటి కూడా పోయింది. కుప్ప మీద పెట్టినా, కొనుక్కున్నా, ఆ పేరుతో పిలిచినా ఈ పిల్ల పోయింది. అంటే తనను ఆ పేరు బతికించలేదు. గుండె బాగున్న పిల్ల కాబట్టి తను బతికింది. తనకు లక్ష్మి అని పేరు పెట్టినా బతికేదే. ముక్కులు మూసుకున్న ఆ బడీ, పైటచెంగుల చాటు నవ్వులూ, పేరు పెట్టి పిలవని మొగుడూ, అవన్నీ దేని కోసమూ కాదు. తల్లి మీద కోపం తెచ్చుకుందామనుకుంది. మూడు శవాలు మోసిన మనిషి మీద ఏమని కోపం తెచ్చుకుంటుంది? ఏడుపొచ్చింది. పిల్ల కోసం ఏడుస్తోందనుకుని గౌరి వీపు నిమిరింది. కాదని చెప్పడానికి పెంటమ్మకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్న జగ్గమ్మ వీధిలో నిలబడి పిలిచింది. “పెంటమ్మా, పడవలొచ్చీసినాయే. వస్తావేటి?”

ఆ పిలుపుకు ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత అసహ్యం వేసింది పెంటమ్మకు. జగ్గమ్మ మళ్లీ పిలిచింది. పిలవడానికి ఆమెకు మాత్రం ఇంకో పేరు ఏముంది?

“వస్తన్నాను” అంది పెంటమ్మ.